తాండూరు చేలో పడ్డ డబ్బా

పోయిన నెల మా అమ్మాయి స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్ళాను. ఒక కౌన్సెలర్‌గారు గంటసేపు మాట్లాడారు. టెక్నాలజీ పిల్లల్ని ఒకరికొకరు కాకుండా చేసిందని, ఒకే సోఫాలో కూర్చున్నా ఎవరి ఫోన్లో వాళ్ళు ఉంటున్నారని, ఇంట్లో రోజుకు రెండు గంటలు అన్నీ ఆపేయమని చెప్పారు. హాల్లో అందరూ తలలూపారు. నేనూ ఊపాను. బస్సులో ఇంటికొస్తుంటే మాత్రం మనసు ఒప్పుకోలేదు. ఎందుకంటే మొన్న ఆగస్టులో మా అపార్ట్‌మెంట్‌లో ఆరుగురు పిల్లలు మూడు వారాలపాటు ఒకరినొకరు వదలకుండా తిరగడం నేను చూశాను. వాళ్ళను ఒకచోటికి తెచ్చింది ఒక ఎలక్ట్రానిక్ వస్తువే. అదేమిటో వాళ్ళలో ఎవరికీ తెలియకపోవడమే వాళ్ళను కలిపిందని అప్పట్నుంచీ నాకు అనిపిస్తోంది. ఆ మాట మీటింగ్‌లో లేచి చెప్పలేకపోయాను కనుక ఇక్కడ రాస్తున్నాను.

మేముండేది హైదరాబాద్ కుషాయిగూడలో, ఇరవై నాలుగు ఫ్లాట్ల పాత అపార్ట్‌మెంట్. మా వాచ్‌మన్‌ది తాండూరు దగ్గర పల్లె. రాఖీ పండక్కి ఆయన భార్య తమ్ముళ్ళకు రాఖీ కట్టడానికి అక్కడికి దగ్గర్లోనే ఉన్న పుట్టింటికి వెళ్తూ కొడుకునూ తీసుకెళ్ళింది. వాడికి పద్నాలుగేళ్ళు, గవర్నమెంట్ స్కూల్లో తొమ్మిదో తరగతి. తిరిగొచ్చేటప్పుడు సంచిలో ఒక డబ్బా తెచ్చాడు. వాళ్ళ మేనమామ కంది చేలో దొరికిందట. బాట కూడా లేని చోట, చేను నడిమధ్యలో, మొక్కల మీద తెల్లటి దారం పరుచుకుని ఉందట. మేనమామ దాన్ని తీసి పశువుల కొట్టంలో పడేస్తే, వీడు అడిగి తెచ్చుకున్నాడు.

నేనూ చూశాను దాన్ని. అర లీటరు పాల ప్యాకెట్ అంత ఉంటుంది, తెల్లటి థర్మకోల్. ఒక పక్కనుంచి వెండి రంగు సన్నటి పట్టీ ఒకటి పురుగు మీసంలా బయటికి పొడుచుకొచ్చింది. కింద చిన్న వైరు వేలాడుతోంది. మీద అంటించిన కాగితం వానకు నాని, అక్షరాలు చెదిరిపోయి, మరక మాత్రం మిగిలింది. దారం చివర చిరిగిన రబ్బరు పీలికలు. ఆ దారాన్ని పిల్లలు తర్వాత పార్కింగ్‌లో పరిచి కొలిస్తే దాదాపు ముప్పై మీటర్లు వచ్చింది. చేతిలో పట్టేంత డబ్బాకి అంత దారం ఎందుకు? మొదటి గొడవ అక్కడే మొదలైంది.

మొదటి రోజు వాడితో ఉన్నది మూడో అంతస్తు అబ్బాయి ఒక్కడే. ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. పొద్దున ఆరున్నరకు కాలేజీ బస్సెక్కితే రాత్రి ఎనిమిదికి దిగుతాడు. ఏడాదిగా ఆ పిల్లవాడి మొహం నేను సరిగ్గా చూసింది లేదు. గేటు తీసినప్పుడు వాచ్‌మన్ కొడుకు దాన్ని లైటు కింద పెట్టుకుని చూస్తున్నాడట. ఈ అబ్బాయి బ్యాగు కూడా దించకుండా పక్కన కూర్చుండిపోయాడు. తొమ్మిదైనా రాలేదని వాళ్ళమ్మ కిందికి వస్తే ఇద్దరూ స్క్రూడ్రైవర్ కోసం వెతుకుతున్నారు. మర్నాటికి మా అమ్మాయి చేరింది, తను పదో తరగతి. ఆ తర్వాత రెండో అంతస్తు అక్కాచెల్లెళ్ళు, ఎనిమిదో తరగతి చదివే మరో అబ్బాయి.

బయటివాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించకపోవచ్చు. ఒకే గేటు లోపల ఉన్న పిల్లలు కలిస్తే వింతేముంది అంటారు. హైదరాబాద్‌లో పిల్లల్ని పెంచుతున్నవాళ్ళకు తెలుస్తుంది. ఈ ఆరుగురూ ఐదు స్కూళ్ళు, మూడు సిలబస్‌లు. ఒకరికి ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, ఒకరికి ఆదివారం కూడా వీక్లీ టెస్ట్, ఒకరికి భరతనాట్యం, ఒకరికి ఏమీ లేదు. ఆడుకోవడానికి అందరికీ కుదిరే గంట అంటూ వారంలో ఒక్కటి లేదు. వాచ్‌మన్ కొడుకు ఉన్నాడని కూడా మిగతా ఐదుగురూ ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. పార్సిల్ వస్తే పైకి తెచ్చిచ్చే బాబు, అంతే. మేం పెద్దవాళ్ళం అంతకన్నా భిన్నంగా ఏమీ లేం. రెండేళ్ళ క్రితం అసోసియేషన్ తరఫున పిల్లలకు చెస్, క్యారమ్స్ పోటీలు పెట్టాం. వాళ్ళంతట వాళ్ళు రాలేదు, మేం పంపితే వచ్చారు. ఎవరు గెలుస్తారో ముందే తెలుసు. కప్పు ఇచ్చేశాక ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఈ డబ్బా దగ్గర ర్యాంకు ఎవరికీ లేదు. ఇంటర్ అబ్బాయికి సర్క్యూట్ బోర్డు మీద ఏది ఏమిటో కొంత తెలుసు. చేలో అది ఏ దిక్కుకు తిరిగి పడి ఉందో, దారం ఎటు పరుచుకుని ఉందో వాచ్‌మన్ కొడుక్కి మాత్రమే తెలుసు. రెండూ కావాల్సి వచ్చాయి. ఫోన్‌తో ఫొటో తీసి వెతికితే మొదట వైఫై పెట్టె అని చూపించింది, ఇంకో పక్కనుంచి తీస్తే మరేదో చూపించింది. ఫోన్‌కే తెలియని వస్తువు ఒకటి తమ చేతిలో ఉందని ఆ రోజు మా అమ్మాయి మొహంలో వెలిగిన ఆనందం నాకింకా గుర్తుంది.

లోపల జీపీఎస్ భాగం కనిపించగానే డ్రోన్ అన్నారు. వేసవంతా డ్రోన్ల వార్తలు విని ఉన్నారు కదా. రెక్కలేవి మరి అని చిన్న పిల్ల అడిగితే ఎవరూ బదులు చెప్పలేదు. తర్వాత ఈసీఐఎల్ పక్కనే ఉన్న, పరిశోధన కోసం పెద్ద బెలూన్లు ఎగరేసే టీఐఎఫ్ఆర్ (టాటా పరిశోధన సంస్థ) బెలూన్ కేంద్రం గుర్తొచ్చింది. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో పెద్ద క్యాప్సూల్ ఒకటి దిగి జనం హడలిపోవడం, అది ఇక్కడి బెలూన్ కేంద్రం నుంచి ఒక స్పెయిన్ కంపెనీ ప్రయోగం కోసం ఎగరేసిందని తేలడం మనందరికీ తెలిసిందే. ఇదీ అలాంటిదే అయి ఉంటుందని అనుకున్నారు. అంతలో ఎనిమిదో తరగతి అబ్బాయి ఎక్కడో చదువుకొచ్చాడు: 2005 ఏప్రిల్‌లో హైదరాబాద్ నుంచి ఎగిరిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి నమూనాలు పట్టి తెచ్చిందని, వాటిలో మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు దొరికాయని, ఒకదానికి ఆర్యభట పేరు, ఇంకొకదానికి ఇస్రో పేరు పెట్టారని. ఇక చూడాలి. ఆ సాయంత్రం ఆరుగురూ, వాళ్ళ అమ్మలు జుట్టుకు రంగు వేసుకునేటప్పుడు తొడుక్కునే ప్లాస్టిక్ గ్లవ్స్‌తో కూర్చున్నారు. వారం రోజులు పశువుల కొట్టంలో పడి ఉన్న డబ్బా అది. వాచ్‌మన్ కొడుకు దాన్ని ఒళ్ళో పెట్టుకుని ప్యాసింజర్ బండిలో వచ్చాడు. అయినా వాడూ గ్లవ్స్ తొడుక్కున్నాడు.

సెక్రటరీగారి భయం

ఈ కథ ఇలాగే చెప్పుకుంటూ పోతే బాగుంటుంది కాని, మా సెక్రటరీగారి మాట చెప్పకపోతే అన్యాయం. మూడో రోజే ఆయన కిందికి వచ్చి డబ్బా చూసి కోప్పడ్డారు. వైర్లు, బ్యాటరీలు ఉన్న డబ్బా, ఎక్కడిదో తెలియదు, దాన్ని పిల్లలు విప్పుతుంటే మీరందరూ ఎలా ఊరుకున్నారని అడిగారు. నాకు మొదట చిరాకేసింది. తర్వాత ఆయనే చెప్పారు. 2007 ఆగస్టు 25న కోఠిలో గోకుల్ చాట్ దగ్గర పేలుడు జరిగిన సాయంత్రం ఆయన అక్కడికి రెండు వీధుల అవతల ఉన్నారట. అక్కడా, లుంబినీ పార్కులోనూ కలిపి 40 మందికి పైగా పోయారు. 2013 ఫిబ్రవరిలో మళ్ళీ దిల్‌సుఖ్‌నగర్. ఈ ఊళ్ళో ఒక వయసు దాటినవాళ్ళకు ఎవరిదో తెలియని సంచి, ఎవరిదో తెలియని డబ్బా అంటే గుండె ఎందుకు జారుతుందో పద్నాలుగేళ్ళ పిల్లలకు తెలియదు.

ఆయన అన్నది తప్పని నేను ఇప్పటికీ అనలేను. దొరికిన రోజే ఊళ్ళో ఎవరైనా పోలీసులకో, స్కూల్లో సైన్స్ టీచరుకో చూపించి ఉండాల్సింది. టీఐఎఫ్ఆర్ వాళ్ళు కూడా తమ పరికరాలు పొలాల్లో పడితే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పమనే అంటారు. పిల్లలు కలిశారన్న సంతోషంలో నేను ఆ జాగ్రత్త మర్చిపోయాను. ఒక తల్లిగా ఇది నన్ను బాధపెట్టిన విషయమే. ఎవరైనా ఈ వ్యాసం చదివి, తెలియని వస్తువుల్ని పిల్లలు విప్పుకోనివ్వండి అని నేను చెప్తున్నానని అర్థం చేసుకుంటే నాకు నచ్చదు. ముందు ఒక పెద్దవాళ్ళు చూడాలి. చూసిన పెద్దవాళ్ళు తర్వాత ఏం చేయాలన్నదే నా ప్రశ్న.

ఎందుకంటే ఆ పెద్ద మనిషిని నేనే అయ్యాను. సెక్రటరీగారి కోసం, ఆ రాత్రే ఫొటో తీసి మా పెదనాన్నగారి అబ్బాయికి పంపాను. ఆయన ఫిజిక్స్ లెక్చరర్. ఐదు నిమిషాల్లో జవాబొచ్చింది. "రేడియోసాండ్ అమ్మా. పైన గాలిలో వేడి, తేమ కొలవడానికి వాతావరణ శాఖ వాళ్ళు బెలూన్‌కి కట్టి పైకి వదులుతారు. భయమేమీ లేదు, ఒకసారి వాడి వదిలేసేవే." ఊపిరి పీల్చుకున్నాను. సెక్రటరీగారికి ఫార్వర్డ్ చేశాను. ఆయనా నెమ్మదించారు. భోజనాల దగ్గర మా అమ్మాయికి చెప్పాను. తను ముద్ద చేతిలో పట్టుకుని ఒక్క క్షణం నన్నే చూసి, "ఓ, అంతేనా" అంది. పది నిమిషాల్లో మిగతావాళ్ళకు మెసేజ్ వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం పార్కింగ్‌లో ఎవరూ లేరు. ఆ మర్నాడూ లేరు. ఇంటర్ అబ్బాయి ఎనిమిదికి దిగి నేరుగా లిఫ్ట్ ఎక్కాడు. అంతకుముందు మూడు రోజులుగా ఉన్నది ఒక్క వాక్యంతో పోయింది, ఆ వాక్యం చెప్పింది నేను. సెక్రటరీగారికి చెప్పడం తప్పనిసరి. పిల్లలకు అంత తొందరగా చెప్పక్కర్లేదు. ప్రమాదం లేదు, మీరు చూసుకోండి అంటే సరిపోయేది. మనకు తెలిసింది పిల్లల చేతిలో పెట్టేస్తే మన పని అయిపోయినట్టు అనుకుంటాం. ట్యూషన్ మాస్టర్లు చేసేదీ అదే, యూట్యూబ్ చేసేదీ అదే, ఆ రోజు నేను చేసిందీ అదే.

మబ్బులు ఎటు పోతాయి

మూడో రోజు పొద్దున నేను పాలప్యాకెట్లకు కిందికి వెళ్తే వాచ్‌మన్ కొడుకు అడిగాడు. "ఆంటీ, అది బేగంపేటకెళ్ళి ఇడుస్తరట గదా?"

అవునన్నాను. వాతావరణ శాఖ కేంద్రం ఉన్నది బేగంపేట ఎయిర్‌పోర్టు దగ్గరే.

"మరి వానకాలం మబ్బులన్నీ సేడం దిక్కుకెళ్ళి మా ఊరి మీదికొచ్చి, ఆడికెళ్ళి పట్నం దిక్కు పోతయి. గాలి గూడ అట్లనే గొడ్తది. బెలూను గాలికి పోతదంటిరి. గట్లయితే అది నల్గొండ దిక్కు పోవాలె. మా చేన్ల ఎట్ల పడ్డది?"

నాకు జవాబు తెలియలేదు. తాండూరు మనకు పడమర, సేడం ఇంకా పడమర, నల్గొండ తూర్పు వైపు. వానాకాలం గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. ఆ పిల్లవాడు చెప్పిన ప్రతి ముక్కా నిజమే. రేడియోసాండ్ అన్న పేరు నేను ఇచ్చేసి చేతులు దులుపుకున్నాను. వాడు ఆ పేరుతో తృప్తి పడలేదు, ఎందుకంటే వాడికి మబ్బులు తెలుసు. మిగతా ఐదుగురికీ మబ్బులు ఎటునుంచి వస్తాయో తెలియదు. అపార్ట్‌మెంట్‌లో పెరిగిన పిల్లలకు మబ్బు అంటే బట్టలు లోపలికి తెచ్చే వేళ.

ఈసారి నేను చేసిన ఒకే ఒక్క మంచి పని, మా అన్నయ్యకు ఫోన్ చేయకపోవడం. ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు తీసుకెళ్ళి మా అమ్మాయికి చెప్పాను. తను కాసేపు ఆలోచించి, "నిజమే, రాంగ్ సైడ్‌లో పడింది" అంది. రాత్రి ఎనిమిదిన్నరకు కింద మళ్ళీ లైటు వెలిగింది.

ఆ తర్వాతి రెండు వారాలే ఈ కథలో అసలు సంగతి నాకు. మొదటి మూడు రోజులూ వింత వస్తువు దగ్గర గుమిగూడడం ఉంది. అది మొగిలిగుండ్లలో పెద్దలూ చేశారు. ఇప్పుడు కూర్చున్నది వేరు. ఒకరు వర్షాలు పడే తీరు చదువుకొస్తే, ఒకరు బెలూన్ ఎంత వేగంతో లేస్తుందో వెతికారు. హైడ్రోజన్ నింపిన బెలూన్ సెకనుకు సుమారు 5 మీటర్ల చొప్పున పైకి పోతుంది. పైకి పోయేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి బెలూన్ ఉబ్బుతుంది, దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తులో పగిలిపోతుంది. ఆ రబ్బరు పీలికలు అవే. ప్రపంచమంతటా ఒకే వేళకు, మన గడియారంలో పొద్దున ఐదున్నర, సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో, వీటిని ఎగరేయడం పద్ధతి. దారం అంత పొడవెందుకో కూడా తేలింది. బెలూన్ తన చుట్టూ గాలిని చెదరగొడుతుంది. డబ్బా దానికి దగ్గరగా ఉంటే కొలిచే వేడి, తేమ తప్పుగా వస్తాయి. రెండో అంతస్తు పెద్దమ్మాయి ఇది చెప్పినప్పుడు మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు.

గాలి సంగతి ఇంటర్ అబ్బాయి తేల్చాడు. వానాకాలంలో పడమటి గాలి మనకు కనిపించేంత ఎత్తులోనే ఉంటుంది, ఐదారు కిలోమీటర్లు దాటితే క్రమంగా తిరిగిపోతుంది. ఇంకా పైన, పన్నెండు పదిహేను కిలోమీటర్ల దగ్గర, తూర్పు నుంచి పడమరకు గాలి నదిలా పారుతుంది, గంటకు 100 కిలోమీటర్లు దాటే వేగంతో కూడా. దాన్ని తూర్పు జెట్ ప్రవాహం అంటారు. టిబెట్ పీఠభూమి వేసవిలో వేడెక్కడానికీ దీనికీ సంబంధం ఉంది. దీని గురించి 1958లో ప్రపంచానికి వివరంగా చెప్పినవారు పి. కోటేశ్వరం, తర్వాత మన వాతావరణ శాఖకే అధిపతి అయ్యారు. అంత ఎత్తు గాలుల సంగతి ఆ రోజుల్లో తెలిసేది ఇలా పైకి పంపిన బెలూన్ల లెక్కల నుంచే. అంటే బెలూన్ మొదటి ఇరవై నిమిషాలు నల్గొండ వైపు పోయింది, తర్వాత గంటకు పైగా వెనక్కి, తమ తల మీదుగానో పక్కగానో, తాండూరు వైపు కొట్టుకుపోయింది. అబ్బాయి దాన్ని తన వీక్లీ టెస్ట్ పేపర్ వెనక గీసి లెక్క వేశాడు. పడమరకు ఎనభై తొంభై కిలోమీటర్లు అని వచ్చింది. మేనమామ చేను దాదాపు అక్కడే. సాపేక్ష వేగం చాప్టర్ ఏడాదిగా చదువుతున్నా అది దేనికో ఆ రోజే తెలిసిందని వాడు వాళ్ళమ్మతో అన్నాడట. ఆవిడ నాతో చెబుతూ కళ్ళు తుడుచుకుంది.

డబ్బా ఎవరిది

ఇంత చెప్పాక ఇంకో సంగతి దాచకూడదు. డబ్బా విప్పాక దాన్ని జాగ్రత్తగా ఉంచాలని మా అమ్మాయి పైకి తెచ్చి తన షెల్ఫ్‌లో పెట్టుకుంది. కింద వాచ్‌మన్ గది ఒక్కటే గది, వాన కురిస్తే తడి. కాబట్టి అందరికీ అదే సబబుగా కనిపించింది. నాకూ కనిపించింది. ఒక సాయంత్రం వాచ్‌మన్ కొడుకు బెల్లు కొట్టి, చెప్పులు బయట విడిచి, గుమ్మం దగ్గరే నిలబడి, "అక్కా, డబ్బా ఒక్కసారి చూసి ఇస్త" అన్నాడు. వాడి మేనమామ చేలో పడ్డ డబ్బా. వాడు ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన డబ్బా. దాన్ని చూడటానికి వాడు మా ఇంట్లో అనుమతి అడగాల్సి వచ్చింది. అంతకుముందు వారమే ఒకావిడ తన పిల్లల్ని వాచ్‌మన్ గదిలో కూర్చోవద్దని, కావాలంటే వాణ్ణే పైకి పిలవమని చెప్పింది. పైకి వస్తే వాడు సోఫాలో కూర్చోడు, కింద కూర్చుంటాడు. పిల్లలూ కింద కూర్చున్నారు లెండి, దారం పరిచేందుకు. అది సమానత్వమో, దారం పొడవో నేను చెప్పలేను.

అందుకే ఒక వింత వస్తువు పిల్లల మధ్య గోడలు కూల్చేస్తుందని నేను రాయను. కూల్చదు. ప్రశ్న నడుస్తున్నంతసేపు ఆ గోడలు అడ్డం రావు, అంతవరకే నేను చూశాను. వస్తువు ఒకరి షెల్ఫ్‌లోకి చేరగానే గోడ తిరిగి కనిపించింది. మా అమ్మాయితో ఆ రాత్రి మాట్లాడాను. తను ఏడ్చింది, దొంగిలించినట్టు మాట్లాడతావేంటి అంది. దొంగతనం కాదు, కాని వాడు అడుక్కోవాల్సి రావడం నీకెలా ఉందో ఆలోచించమన్నాను. మర్నాడు డబ్బా కిందికి వెళ్ళింది. వాచ్‌మన్ భార్య దాన్ని దేవుడి పటం పక్కన, తడి తగలకుండా పాలిథీన్ కవర్‌లో పెట్టింది. అప్పట్నుంచి చూడాలనుకున్నవాళ్ళు ఆ గది గుమ్మం దగ్గర చెప్పులు విడవాల్సి వస్తోంది.

సెప్టెంబరులో క్వార్టర్లీ పరీక్షలు వచ్చాయి. రోజూ కూర్చోవడం ఆగింది. కౌన్సెలర్‌గారు చెప్పిన ఫోన్లు మళ్ళీ చేతుల్లోకి వచ్చాయి, అందులో సందేహం లేదు. మూడు వారాల ముచ్చట దేనికి రుజువు అని ఎవరైనా అడిగితే నా దగ్గర గట్టి సమాధానం లేదు. ఇలాంటి డబ్బాలు రోజూ చేలో పడవు, పడాలని కోరుకోవడమూ బాగుండదు. అయినా ఒకటి గమనించాను. మేం పిల్లల చేతికి ఇచ్చినవన్నీ, ఫోనూ ట్యాబూ రోబోటిక్స్ కిట్టూ, ఎలా వాడాలో ముందే రాసిపెట్టి ఉన్నవి. కిట్‌లో చివరి పేజీ తిప్పితే బొమ్మ ఎలా వస్తుందో ఉంటుంది. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి కొనిస్తాం, ఇంకొకరితో అవసరం పడదు. ఈ డబ్బాకి చివరి పేజీ వానకు కొట్టుకుపోయింది. అందుకే సర్క్యూట్ తెలిసినవాడికి మబ్బులు తెలిసినవాడు కావాల్సి వచ్చాడు. పాత బజార్లో పనిచేయని రేడియో ఒకటి కొని, ఏమీ చెప్పకుండా పార్కింగ్‌లో పెడితే ఎలా ఉంటుందని ఈమధ్య నేనూ సెక్రటరీగారూ మాట్లాడుకుంటున్నాం. ఆయన ముందు తాను విప్పి చూస్తానంటున్నారు. సరేనన్నాను.

డిసెంబరు మొదట్లో పిల్లలు మళ్ళీ ఒక ఆదివారం కింద కూర్చున్నారు. చలికాలంలో పైగాలి దిక్కు మారుతుంది, పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. వాచ్‌మన్ కొడుకు గుర్తు చేశాడట, "ఇప్పుడు గిన నల్గొండ దిక్కు పోవాలె" అని. ఎనిమిదో తరగతి అబ్బాయి అమ్మమ్మది నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గర ఊరు. అక్కడికక్కడే ఫోన్ చేసి, ఎలా ఉంటుందో, దారం ఎంత పొడవుంటుందో, దొరికితే ముందు ఎవరికి చూపించాలో అన్నీ చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విన్నది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆరుగురూ స్పీకర్ పెట్టి అడుగుతున్నారు. మొన్నటి జవాబు నేనూ విన్నాను.

"ఇంక దొర్కలే బిడ్డా. పత్తి ఏరేటప్పుడు కూలోళ్ళకు గూడ చెప్పిన, చూస్తున్నరు. చింతచెట్టు కాడ దారం కనవడ్డదని ఉరికిన, అది పతంగిది."